రంగుల గుండె బొమ్మే రుజువు కాదు

గూడూరు జంక్షనులో మద్రాసు బండి దిగే వాళ్ళలోను, తిరుపతి బస్సు దిగే వాళ్ళలోను చంకన పెద్ద కవరు పెట్టుకున్న వాళ్ళు కొందరు కనబడుతూనే ఉంటారు. కవరు మీద స్కానింగు కేంద్రం పేరు, లోపల నిగనిగలాడే కాగితం మీద గుండె బొమ్మ. ఎర్రని గుండె, దాని మీద తీగల్లా పాకిన రక్తనాళాలు, ఒకచోట బాణం గుర్తు. మనిషి ఇల్లు చేరిన సాయంత్రానికి వీధిలో సగం మంది ఆ బొమ్మ చుట్టూ చేరతారు. "ఏంది అబ్బయా, ఈడ సన్నంగా ఉందే?" అని పెదనాయన వేలు పెట్టి అడుగుతాడు. "ఆడనే పూడింది పెదనాయనా, స్టెంట్లు వెయ్యాలంట" అంటాడు కుర్రవాడు. తెల్లవారేసరికి కయ్య మీద అప్పు ఎవరిస్తారన్న మాట మొదలవుతుంది.

పెదనాయన అడిగిన ప్రశ్న మంచిదే. కాని ఆ ప్రశ్నకు జవాబు చెప్పే బొమ్మ అది కాదు. నాళం ఎంత పూడిందీ, ఏ రకంగా పూడిందీ తేల్చడానికి డాక్టరు చూసేవి వేరే ఉన్నాయి. అవి నలుపు తెలుపుల్లో, చూడ్డానికి ఏమీ బాగుండని బొమ్మలు. చాలామంది రోగుల చేతికి అవి రావు. వచ్చినా డిస్కులో ఉండిపోతాయి. చేతికి వచ్చేది రంగుల కాగితం. ఇంట్లో అందరినీ హడలగొట్టేదీ అదే.

గుండె రక్తనాళాలకు తీసే సి.టి. స్కాను చెడ్డ పరీక్ష అని ఎవరూ అనుకోనక్కరలేదు. పూర్వం ఈ నాళాలను చూడాలంటే తొడ దగ్గరో మణికట్టు దగ్గరో ధమనిలోకి సన్నని గొట్టం దూర్చి, గుండె దాకా పంపి, మందు వదిలి ఎక్స్‌రే సినిమా తీయడం ఒక్కటే మార్గం. అమెరికాలో మేసన్ సోన్స్ అనే డాక్టరు 1958లో ఆరంభించిన యాంజియోగ్రాం పద్ధతి అది. స్టెంటు వేయాలంటే ఇప్పటికీ ఆ దారిలోనే పోవాలి. కేవలం చూడటానికైతే ఇప్పుడు గొట్టం అక్కరలేదు. చేతి నరానికి సూది గుచ్చి మందు ఎక్కిస్తారు, కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టమంటారు, అంతటితో పని అయిపోతుంది.

యంత్రం చేసే పనిని నిమ్మకాయల మార్కెట్టు ఉన్న ఊరికి బోధపరచడం కష్టం కాదు. కాయను అడ్డంగా పలుచని చక్రాలుగా కోస్తే ఏ చక్రంలో తొన ఎంత ఉంది, గింజ ఎక్కడుంది అన్నీ తెలుస్తాయి. సి.టి. యంత్రం మనిషిని కోయకుండా ఈ చక్రాలు తీస్తుంది. ఎక్స్‌రే గొట్టం మనిషి చుట్టూ గిర్రున తిరుగుతుంది. అన్ని వైపుల నుంచి వచ్చిన లెక్కలను కంప్యూటరు కలిపి ఒక్కో చక్రాన్ని తయారుచేస్తుంది. మంచి యంత్రాల్లో ఒక్కో చక్రం మందం అర మిల్లీమీటరు చిల్లర. గుండెకంతటికీ రెండు మూడు వందల చక్రాలవుతాయి.

ఇంగ్లండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు తయారుచేసిన యంత్రంతో 1971 అక్టోబరు 1న మొదటిసారి ఒక రోగి తలను ఇలా తీశారు. అలన్ కార్మాక్‌తో కలిపి ఆయనకు 1979లో నోబెల్ బహుమతి ఇచ్చారు. తల కదలకుండా ఉంటుంది గనుక అక్కడ పని సులువైంది. గుండె నిమిషానికి డెబ్బై ఎనభై సార్లు కొట్టుకుంటుంది. దాని మీది నాళాలు మొదట్లోనే మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, పోనుపోను ఇంకా సన్నం. పరుగెత్తే దూడ మెడలో గంటను లెక్కపెట్టినట్టే. 2004 ప్రాంతంలో ఒక్క చుట్టులో 64 చక్రాలు తీసే యంత్రాలు వచ్చిన తరువాతే ఈ పరీక్ష నమ్మదగినదైంది. ఇప్పటికీ పరీక్షకు ముందు నాడి వేగం 60 దగ్గరికి తగ్గడానికి మాత్ర ఇచ్చేది ఇందుకే. ఆ మాత్ర ఇవ్వకుండా హడావుడిగా పడుకోబెడితే నాళం మెట్లుమెట్లుగా విరిగినట్టు కనబడుతుంది. ఆ విరుగుడు గుండెలో ఉండదు, బొమ్మలోనే ఉంటుంది.

ఇక రంగు సంగతి. చేతికి ఎక్కించే మందును "డై" అంటారు గనుక బొమ్మలోని ఎరుపు దాని వల్ల వచ్చిందేనని నమ్మేవాళ్ళున్నారు. అది అయోడిన్ కలిసిన మందు, చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది. యంత్రానికి రంగు తెలియదు. దానికి తెలిసినవి అంకెలు. నీటికి 0, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకు వెయ్యి దాకా. ప్రతి చక్రాన్నీ ఆవగింజ కన్నా చిన్న గళ్ళుగా విభజించి, ఒక్కో గడిలో ఒక్కో అంకె రాసుకుంటుంది. ఏ అంకెకు ఏ రంగు అద్దాలో మనిషి చెబితే కంప్యూటరు అద్దుతుంది. ఎరుపు కాకుండా ఆకుపచ్చ అద్దమన్నా అద్దుతుంది.

శ్రీహరికోట పక్కనే ఉన్న ప్రాంతానికి ఇది కొత్త విద్య కాదు. అక్కడి నుంచి ఎగిరిన ఉపగ్రహాలు తీసిన భూమి బొమ్మల్లో పచ్చని పైరు తరచు ఎర్రగా కనబడుతుంది. నేల తగలబడి కాదు. చూసేవాళ్ళ సౌకర్యం కోసం అలా రంగు మార్చుకున్నారు. ఎర్రగా ఉంది గనుక పైరు ఎండిపోయిందని ఏ అధికారీ పంట నష్టం రాయడు. గుండె బొమ్మ దగ్గర మాత్రం రంగును చూసి గుండె జబ్బును అంచనా కట్టేస్తున్నారు.

చక్రాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి గుండెను మళ్ళీ నిలబెట్టడానికి నాలుగైదు పద్ధతులున్నాయి. కవరులో వచ్చే రంగుల బొమ్మ వాటిలో ఒకటి, అన్నిటికన్నా అందమైనది. దీన్ని అల్లేటప్పుడు కంప్యూటరుకు ఒక హద్దు చెప్పాలి. ఇంత అంకెకు పైన ఉన్నది చూపించు, దానికి దిగువది మాయం చెయ్యి అని. ఆ హద్దు కాస్త పైకి జరిగితే శుభ్రమైన నాళం కూడా సన్నబడుతుంది. కిందికి జరిగితే పూడిన నాళం లావెక్కుతుంది. హద్దు జరిపింది ఎలుకను కదిపే వేలు. గుండెలో మార్పేమీ లేదు. పైగా నాళం గోడలో పేరుకున్న మెత్తని కొవ్వు ఈ బొమ్మలో చాలావరకు కనబడదు. సున్నంలా గట్టిపడిన కాల్షియమేమో మందుతో కలిసిపోయి, నాళం నిండుగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. అంటే ఈ బొమ్మ లేని రోగాన్ని చూపగలదు, ఉన్న రోగాన్ని దాచగలదు. గుండె సి.టి. డాక్టర్ల అంతర్జాతీయ సంఘం తన మార్గదర్శకాల్లోనే, నాళం ఎంత ఇరుకైందో తేల్చడానికి ఈ రంగుల బొమ్మ మీద ఆధారపడవద్దని రాసుకుంది.

రెండో పద్ధతిలో ఒక వైపు నుంచి చూసి, ఆ వరుసలో అన్నిటికన్నా వెలుగైన గడిని మాత్రమే ఉంచుతారు. తూపిలిపాళెం ఒడ్డున రాత్రిపూట నిలబడి చూస్తే సముద్రంలో పడవల దీపాలన్నీ ఒకే గీత మీద ఉన్నట్టుంటాయి. ఏది దగ్గరో, ఏది దూరమో తెలియదు, చీకటిగా ఉన్న పడవ అసలు లేనట్టే. ఈ పద్ధతిలోనూ అంతే. మెరిసే కాల్షియం ముందు దాని వెనుక సందు ఎంత మిగిలిందో తేలదు.

మూడోది మునక్కాయను నిలువునా చీల్చినట్టు. వంకర్లు తిరిగిన నాళాన్ని కంప్యూటరు తాడులా సాగదీసి, నడిమధ్య గీత గీసి, పొడవునా చీల్చి లోపలి సందు, గోడ, గోడలోని మేట అన్నీ చూపిస్తుంది. ఇది నలుపు తెలుపు బొమ్మ. నిజంగా పనికొచ్చేది ఇది. కాని కత్తి మధ్య నుంచి పోకుండా ఒక పక్కకు పోతే కాయలో గింజలే లేనట్టు కనబడుతుందే, అలాగే మధ్యగీత తప్పితే లేని ఇరుకు పుట్టుకొస్తుంది. అందుకే జాగ్రత్తగల డాక్టరు దీన్ని కూడా ఒక్క కోణంలో నమ్మడు, తిప్పి తిప్పి చూస్తాడు. అనుమానం వస్తే మొదటి చక్రాల దగ్గరికే పోతాడు. అన్నిటికీ సాక్ష్యం ఆ చక్రాలు. మిగిలినవన్నీ వాటి నుంచి అల్లినవే.

ఈ నీతి గూడూరుకు ఒకరు నేర్పవలసింది కాదు. సైదాపురం వైపు గనుల నుంచి అభ్రకం వచ్చిన రోజుల్లో ఏ వ్యాపారీ పలక పైమెరుపు చూసి ధర కట్టలేదు. షెడ్లలో ఆడవాళ్ళు కత్తితో రేకు రేకుగా విడదీస్తే, ఆ రేకును వెలుతురుకు ఎదురుగా పెట్టి మచ్చ ఉందా, పగులు ఉందా చూశాకే రకం తేల్చేవారు. మెరుపును చూసి మోసపోవడం ఆ వ్యాపారంలో నవ్వుబాటు.

బొమ్మను చదవడం ఒక విద్య. తెలుగువారిలో ఆ విద్యకు పెట్టింది పేరైన డాక్టర్ కాకర్ల సుబ్బారావు కృష్ణా జిల్లా పెదముత్తేవిలో 1925లో పుట్టి, అమెరికాలో పెద్ద పదవుల్లో ఉండి, ఎన్.టి. రామారావు పిలుపు మీద వచ్చి హైదరాబాదు నిమ్స్‌ను నిలబెట్టారు. 2021లో కన్నుమూశారు. ఆయన ఎముకల ఎక్స్‌రేల నిపుణుడు. ఆ తరం వాళ్ళకు రంగులు లేవు. వెలుగుతున్న పెట్టె మీద ఫిల్ము పెట్టి బూడిద రంగు నీడల్లో జబ్బును పట్టుకున్నారు. యంత్రం మారినా చదివే కన్ను అవసరం మారలేదు.

రంగుల బొమ్మ ఎందుకూ కొరగాదా అంటే, అలా కూడా కాదు. పుట్టుకతోనే నాళం తప్పుదారిలో బయలుదేరిన వాళ్ళున్నారు. బైపాసు ఆపరేషను అయి, కొత్త నాళం ఎక్కడి నుంచి ఎక్కడికి కుట్టారో చూడవలసిన వాళ్ళున్నారు. గుండెకు రంధ్రాలతో, తారుమారైన పెద్ద నాళాలతో పుట్టే పసిపిల్లలున్నారు. వీళ్ళ విషయంలో ఏది ఎటు పోతోందో ఒక్క చూపులో తెలియడానికి మూడు కొలతల బొమ్మను మించినది లేదు. కత్తి పట్టే ముందు డాక్టరు దాన్ని చేతిలో తిప్పినట్టు తిప్పి చూసుకుంటాడు. తిరుపతిలో 2021 అక్టోబరులో దేవస్థానం వారు తెరిచిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల గుండె ఆస్పత్రి వంటి చోట్ల చేసే శస్త్రచికిత్సలకు ఇలాంటి బొమ్మలు నిజంగా కళ్ళు. దారి చూపించే పనికి రంగుల బొమ్మ సరిపోతుంది. పూడిక కొలిచే పనికి సరిపోదు. తేడా అంతే. ఆ అంత తేడా తెలియకనే కుటుంబాలు అప్పుల పాలవుతున్నాయి.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. పూడిక నిజంగానే ఉందనుకుందాం. ఉన్నంత మాత్రాన మరునాడే స్టెంటు వేయించాలా? 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అనే అధ్యయనం 37 దేశాల్లో 5,179 మంది రోగులను పరిశీలించింది. మన దేశపు రోగులూ అందులో ఉన్నారు. గుండెపోటు రాకుండా, నడిస్తేనో మెట్లెక్కితేనో నొప్పి వచ్చే నిలకడైన జబ్బు వాళ్ళది. వాళ్ళలో ముందే స్టెంటో బైపాసో చేయించుకున్న వారికి, మందులతో మొదలుపెట్టిన వారికి మరణాల్లోను గుండెపోట్లలోను చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నొప్పి ఉపశమనంలో మాత్రం స్టెంటు, బైపాసు మెరుగు. అయితే ఎడమ వైపు మూల నాళం పూడిన వాళ్ళను ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. అది ప్రమాదకరమైన చోటు గనుక. ఆ మూల నాళం బాగుందో లేదో చూసి రోగులను ఏరడానికి చాలామందికి చేసిన పరీక్ష ఈ సి.టి. స్కానే. నలుపు తెలుపు చక్రాలకు ఉన్న విలువ అదీ.

స్కాట్లండులో మరో అధ్యయనం 4,146 మందితో జరిగింది. ఛాతీ నొప్పితో వచ్చిన వాళ్ళలో సగం మందికి మామూలు పరీక్షలతో పాటు గుండె సి.టి. కూడా తీశారు. అయిదేళ్ళు గడిచాక గుండెపోటు వచ్చిన లేదా గుండె నాళాల జబ్బుతో చనిపోయిన వాళ్ళను లెక్కిస్తే, సి.టి. తీయని వర్గంలో వెయ్యికి 39 మంది, తీసిన వర్గంలో 23 మంది. తేడా స్టెంట్ల వల్ల రాలేదు. అయిదేళ్ళ మీద రెండు వర్గాల్లోను స్టెంట్లు, ఆపరేషన్లు ఇంచుమించు సమానం. స్కాను చూసి సరైన మందులు సకాలంలో మొదలుపెట్టడమే కారణమని పరిశోధకులు భావించారు. అంటే ఈ పరీక్ష ప్రయోజనం చాలామందికి రోజుకో మాత్ర రూపంలో వస్తుంది. ఆ మాత్ర చాలా చౌక. పల్లెలో జరిగేది తరచు దీనికి తలకిందులు. రంగుల బొమ్మకు దండం పెట్టి, మాత్ర రెండు నెలలు మింగి మానేస్తారు.

గుండె భయం ఊరికే పుట్టలేదు. 2022 ఫిబ్రవరి 21న ఆత్మకూరు శాసనసభ్యుడు, మంత్రి మేకపాటి గౌతంరెడ్డి 50 ఏళ్ళకే హఠాత్తుగా గుండె ఆగి కన్నుమూస్తే ఈ ప్రాంతం నివ్వెరపోయింది. అంతటి వాళ్ళకే అలా జరిగితే మనబోటి వాళ్ళ మాటేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కాని భయంతో పరీక్షకు పరుగెత్తడంలో ఒక పెద్ద పొరపాటు జరిగే అవకాశం ఉంది. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతున్న మనిషిని స్కానింగు కేంద్రానికి తీసుకుపోకూడదు. అప్పుడు కావలసింది ఇ.సి.జి. అదీ ఆస్పత్రి గడప తొక్కిన పది నిమిషాల లోపల. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండి ఉన్నది ఇలాంటి ఘడియకే. ఏరియా ఆస్పత్రుల స్థాయిలోనే ఇ.సి.జి. తీసి, దాన్ని పెద్దాస్పత్రి గుండె డాక్టరుకు పంపి, ఆయన చెబితే గడ్డ కరిగించే టెనెక్టిప్లేజ్ ఇంజక్షను ఉచితంగా ఇచ్చే స్టెమీ కార్యక్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2023లో ప్రారంభించింది. వాకాడు, కోట, చిట్టమూరు పల్లెల నుంచి మద్రాసు దాకా కారు మాట్లాడుకుని పోయేలోగా గుండె కండరం చచ్చిపోతుంది. సి.టి. స్కాను తీరిక మీద తీయించే పరీక్ష. అప్పుడప్పుడు వచ్చే నొప్పి గుండెదా కాదా అని తేలని వాళ్ళకు తీసేది. జబ్బు లక్షణాలేవీ లేనివాళ్ళు ఏటేటా తీయించుకోనక్కరలేదు. ఇప్పటి మంచి యంత్రాల్లో దీనివల్ల వంటికి తగిలే రేడియేషను 1 నుంచి 5 మిల్లీసీవర్టులు. పాత పద్ధతిలో 10 కూడా దాటేది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి తగిలేది సుమారు 2.4. హడలిపోవలసినంత కాదు, సరదాకి తగిలించుకోవలసినదీ కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, చక్కెర జబ్బుకు మాత్రలు వాడేవాళ్ళు, వెనుక ఏదైనా ఇంజక్షను పడని వాళ్ళు ఆ సంగతి ముందే చెప్పి తీరాలి.

ఇప్పుడు అసలు కోరవలసింది కోరాలి. స్కానింగు కేంద్రాలు రంగుల కాగితంతో పాటు డిస్కు ఇవ్వాలి. ఆ డిస్కులో ఎంచి పెట్టిన నాలుగు బొమ్మలు కాక చక్రాలన్నీ ఉండాలి. అవి ఉంటే నెల్లూరులోనో తిరుపతిలోనో మరో డాక్టరు చూసి తన అభిప్రాయం చెప్పగలడు, మళ్ళీ స్కాను, మళ్ళీ మందు, మళ్ళీ ఖర్చు ఉండవు. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో అతని వైద్య రికార్డులు ఇవ్వాలి. ఇది దయ కాదు. "అవి మీకు అర్థం కావులే" అని కౌంటరు దగ్గర చెప్పి పంపడం ఆక్షేపణీయం. రోగికి అర్థం కాకపోవచ్చు, రెండో డాక్టరుకు అర్థమవుతాయి.

రాతపూర్వకమైన రిపోర్టులో కాడ్‌రాడ్స్ అనే మాట పక్కన ఒక అంకె ఉంటుంది, లేదా ఉండాలి. 2016 నుంచి డాక్టర్లు వాడుతున్న కొలమానం అది. 0 అంటే నాళాలు శుభ్రం. 1, 2 అంటే సగానికి తక్కువ పూడిక. 3 అంటే 50 నుంచి 69 శాతం. 4 అంటే అంతకు మించినది. 5 అంటే నాళం పూర్తిగా మూసుకుపోయింది. అంకెకు బదులు ఎన్ అనే అక్షరం ఉంటే పరీక్ష సరిగా రాలేదని అర్థం, దాన్ని చూసి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. పదో తరగతి చదివిన ఇంటి పిల్లవాడు ఈ అంకె వెతికి పట్టుకోగలడు. ఏ నాళంలో, మొదట్లోనా చివరలోనా, ఎంత శాతం, మందులతో చూడవచ్చా అన్న నాలుగు ప్రశ్నలు డాక్టరును అడగడం అమర్యాద కాదు. అడిగినందుకు విసుక్కునే చోట ఆపరేషనుకు తొందరపడనక్కరలేదు.

డాక్టర్ల వైపు ఇబ్బంది కూడా లేకపోలేదు. వందమంది ఓ.పి. ముందు కూర్చుంటే ఒక్కొక్కరికి చక్రాలు తిప్పి చూపించడం సాధ్యం కాదు. రంగుల బొమ్మ అయితే అర నిమిషంలో చెప్పెయ్యవచ్చు. కాని ఒక తెలుగు కాగితం మీద పై అంకెలు, వాటి అర్థాలు అచ్చువేసి ప్రతి కవరులో పెట్టడానికి అయ్యే ఖర్చు ఆ నిగనిగల ఫొటో కాగితంతో పోలిస్తే ఏపాటి? జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఒక నమూనా తయారుచేసి ఇస్తే స్కానింగు కేంద్రాలకు ఆ శ్రమ కూడా ఉండదు. ఎన్.టి.ఆర్. వైద్య సేవ కింద చికిత్సకు పోయే వాళ్ళకు ఆస్పత్రుల్లో సాయపడే మిత్రలున్నారు. వాళ్ళకు ఒక పూట తరగతి పెట్టి ఈ నాలుగు ముక్కలు చెప్పినా చాలు.

స్టెంటు ధర విషయంలో ప్రభుత్వం ఒకప్పుడు గట్టిగా నిలబడింది. 2017 ఫిబ్రవరిలో మందు పూత ఉన్న స్టెంటుకు 29,600 రూపాయలు, మామూలు దానికి 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. తరువాత ఆ అంకెలు కొద్ది కొద్దిగా మారాయి. అంతకుముందు లక్ష దాటి వసూలు చేసిన చోట్లున్నాయి. ధరకు హద్దు పెట్టగలిగిన ప్రభుత్వానికి, ఏ ఆధారం మీద స్టెంటు వేస్తున్నారో రోగికి రాసిచ్చి తీరాలని చెప్పడం అంత కష్టమైన పని కాదు. రాసిచ్చే కాగితంలో రంగుల బొమ్మకు చోటివ్వకపోయినా ఫరవా లేదు. నాళం పేరు, పూడిక శాతం, కొలిచిన డాక్టరు సంతకం ఉంటే చాలు.